సిగ్నల్ బాగుందని రాశాను

నిన్న చింతామణి బస్సులో వెనక సీటు ఆవిడ "హలో, ఇనపడ్తాందా? హలో!" అని బస్సంతా అదిరేలా అరుస్తుంటే అందరూ విసుక్కున్నారు. నాకు మాత్రం నాగరాజప్ప సార్ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. బటన్ల ఫోన్లు పల్లెల్లోకి అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, ఒక మొబైల్ కంపెనీ చింతామణి ఆఫీసులో ఆయన నాకు పైఅధికారి. సిగ్నల్ సరిగా లేదని వచ్చే కంప్లైంట్లు చూడటం మా పని. కొత్తగా చేరిన నాకు పనితనం కంటే పొగరు ఎక్కువ.

ఒకసారి దిబ్బూరహళ్ళి నుంచి వెంకటమ్మ అనే ఆమె కంప్లైంటు రాయించి పంపింది, ఫోన్లో తన మాట అవతలికి పోవడం లేదని. వెళ్ళాను. ఆమె గుమ్మంలో నిలబడి నా ఫోన్ తీస్తే సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నాయి. ఆఫీసుకు చేసి మాట్లాడితే గంట కొట్టినట్టు వినిపించింది. ఆమె ఏదో చెప్పబోయింది. "సిగ్నల్ బాగుందమ్మా" అనేసి వచ్చేశాను. కాగితం మీదా అదే రాశాను.

సార్ ఆ కాగితం చదివి తలెత్తారు. "నీ ఫోన్లో చూసినావు, సరే. ఆయమ్మ ఫోన్లో మాట్లాడి చూస్తివా?"

"గీతలు నిండుగా ఉండాయి సార్."

"గీతలు మాట్లాడతాయేం తల్లీ? పద, బండెక్కు."

మేం వెళ్ళేసరికి వెంకటమ్మ పట్టుపురుగులకు ఆకు వేస్తోంది. నన్ను చూసి ముఖం తిప్పుకుంది. సార్ చాప మీద కూర్చుని, "ఎవురికి పోలేదమ్మా నీ మాట?" అన్నారు. అంత చిన్న ప్రశ్న నాకు తట్టనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"మా తమ్మునికప్పా, బాగేపల్లిలో ఉంటాడు. వాని గృహప్రవేశం నాడే నా పురుగులు పండి గూళ్ళు కట్టేకి వచ్చినాయి. ఇడిసిపెట్టి యాడికి పోదును? వాడు అలిగినాడు. అలిగినోడు మొన్న వాడే ఫోన్ చేసినాడు. నేను ఏడ్చుకుంటా అంతా చెప్పినా. వాడేమో 'మాట్లాడవా అక్కా? సరే, ఇంక చెయ్యనులే' అని పెట్టేసినాడు. ఇప్పుడు నేను చేస్తే ఎత్తేదే లేదు."

సార్ నన్ను వీధిలోకి పంపి, ఆమెను నాకు ఫోన్ చేయమన్నారు. ఎత్తి చెవికి ఎంత అదిమినా ఒక్క మాట లేదు. లోపలికి తొంగిచూస్తే ఆమె చెయ్యి ఊపుతూ మాట్లాడుతూనే ఉంది. అయ్యో, తమ్ముడితోనూ ఇలాగే మాట్లాడి ఉంటుంది కదా! సార్ ఆ ఫోన్ అందుకుని తిప్పి చూశారు. ఆయుధపూజకు పెట్టిన పసుపూ కుంకుమా అడుగున మాట పోయే సన్న రంధ్రంలో గడ్డకట్టి ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. ఆమెనే పిన్నీసు అడిగి ఓపిగ్గా శుభ్రం చేశారు. "ఈతూరి వీపుకు పెట్టమ్మా బొట్టు. ఇది దాని నోరు" అన్నారు.

తర్వాత తన ఫోన్ నుంచి ఆ తమ్ముడికి చేశారు. "కంపెనీ నుంచప్పా. ఆ పొద్దు మీ అక్క మాట్లాడింది, నీకు చేరలేదు. తప్పు మాది. ఇప్పుడు చేస్తాది, ఎత్తుకో."

ఆమె చేసింది. "ఒరే, ఇనపడ్తాందా?" అంది. అవతల తమ్ముడి ఏడుపు మాక్కూడా వినబడింది. సార్ నాకు సైగ చేసి బయటికి నడిచారు.

"తప్పు మాది అని ఎందుకంటిరి సార్?" అన్నాను బండి దగ్గర.

"ఆయమ్మ చెప్పబోతే ఇనకుండా వచ్చింది ఎవురు?" అన్నారు, కోపం లేకుండానే. తిట్టినా బాగుండేది.

సార్ పోయి ఏళ్ళయింది. ఫోన్లో అవతలి మనిషి మాట వినబడకపోతే నేను ఇప్పటికీ పెట్టేయను. "నువ్వు మాట్లాడుతున్నావని నాకు తెలుసు. నాకే వినబడటం లేదు, ఉండు" అంటాను.