దారికి అడ్డం వేసిన కొమ్మ

ఏళ్ల తరబడి ఒక పచ్చికొమ్మను మోస్తున్నాను. కొమ్మ బరువెంత ఉంటుందని అనుకోకండి. మీరు నన్నెరుగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా పాప నిద్రపోయింది. ఊపిరి ఆడుతోందా అని మళ్లీ చూసి వచ్చి కూర్చున్నాను.

నల్లమాడ దగ్గర మా ఊరి కొండమీద, అడవిలో, మా ఇంటిదేవుడి గుడి ఉంది. దారి మధ్యలో రెండుగా చీలుతుంది. కుడిదారి నున్నటి బండమీదుగా వంకలోకి దిగుతుంది. ఎండలో అది దగ్గర. వానలో కాలు నిలవదు. అందుకే వానరోజు ముందు నడిచేవాళ్లు దానికి అడ్డంగా పచ్చికొమ్మ వేసి, పైన రాయి పెట్టి పోతారు. కొమ్మ లేకపోతే ముందువాళ్లు ఆ దారినే వెళ్లారని అర్థం.

నేను డిగ్రీలో చేరిన ఏడు అది. ముందు చిన్నాయన, తర్వాత నేను, బాగా వెనక పెదనాయన కూతురు సరోజక్క. వాన అందుకుంది. చీలిక దగ్గర చిన్నాయన వేసిన మోదుగ కొమ్మ ఉంది. నా చేతికి కొత్త వాచీ. తడుస్తుందని రాయి తోసేసి, కొమ్మ తీసి గొడుగులా పట్టుకున్నాను. అదెందుకు వేశారో తెలియదా? తెలుసు. అక్కకు దారి కొత్త కాదులే అనుకున్నానా, లేక ఆ వాచీ తప్ప మరేమీ నా తలలో లేదా, ఇన్నేళ్లు తవ్వుకున్నా తేలలేదు. వాన తగ్గాక కొమ్మను పొదల్లోకి విసిరేశాను.

సరోజక్క బండమీద జారి వంకలో పడింది. తుంటి విరిగింది.

ఆ సాయంత్రం పెద్దమ్మ చిన్నాయనను నిలదీసింది.

“ముందర పోయినోనివి, కొమ్మ యేసేకి చేతులు రాలేదా అప్పా?”

“యేసినా వదినా. రాయి గూడా పెట్టినా.”

“పెట్టింటే యాడికి పోయింది? మేక తినిందా?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను వాచీ తుడుచుకుంటూ నిలబడ్డాను.

అప్పటినుంచి ఊళ్లో ఆయన ఏం చెప్పినా ‘మేక తినిందా?’ అనడమే. అక్క ఇప్పటికీ కుంటుతుంది. ఆయన ఎదురైతే ముఖం తిప్పుకుంటుంది.

మొన్న పాప పుట్టువెంట్రుకలు తీయించడానికి మళ్లీ ఆ కొండ ఎక్కాం. సగం దారిలో వాన. చిన్నాయన ముందు వెళ్లాడు. పాపను చంకనేసుకుని, ప్రతి అడుగునూ కాలివేళ్లతో తడుముకుంటూ చీలిక చేరాను. కొమ్మ ఉంది. రాయి ఉంది. పక్కనే గోనెసంచి కప్పుకుని, తడిసి ముద్దయిన చిన్నాయన.

“కొమ్మ యేసినా అంటే ఎవురు నమ్ముతారు మ్మా? బిడ్డనెత్తుకోని వస్తాండావు. అందుకే నేనే నిలబడినా.”

చెబుదామని నోరు తెరిచాను. వాన హోరులో వినబడదని సాకు చెప్పుకుని మూసుకున్నాను. ఆయన చెయ్యి అందించి నా బిడ్డను దాటించాడు.

సరోజక్క ముందు, ఆయన ముందు ఈ మాట అనగలనా? తెలియదు. క్షమించమని అడిగే ముఖం లేదు. కానీ ఆ సాయంత్రం అనాల్సిన మాట ఒకటి ఉంది, ఇక్కడైనా అంటాను.

చిన్నాయన కొమ్మ వేశాడు పెద్దమ్మా. రాయి కూడా పెట్టాడు. తీసింది నేను.