తల్లి పుచ్చుకున్న నెత్తురు

అరకు నుంచి పాడేరు దారిలో జీపు నడుపుకుని బతికేవాణ్ణి నేను. ఈ దారిలో ఎక్కే దిగే జనంలో కిల్లో సోములమ్మ లాంటి మనిషి ఇంకొకతె లేదు. జీపులో ముందు సీటు తనదే. ఎవరైనా కూర్చుని ఉంటే, "లెగు బాబూ, దిసారి కూతురొచ్చింది" అని తనే లేపేస్తుంది. నాకంటే పెద్దది కాబట్టి అక్క వరసన అప్పా అంటాను. ఆ పిలుపుకే పొంగిపోయి నా తిక్క మాటలన్నీ సహిస్తుంది.

దిసారి అంటే ఊళ్లో పూజలు చేసి, మంచిచెడ్డ రోజులు చెప్పేవాడు. తండ్రి పోయాక ఆ పని మగవాళ్ళకే వెళ్ళింది గాని, ఆయన విద్య ఒకటి మాత్రం ఈమెకే మిగిలింది. కొత్త పంట ఇంటికొచ్చే కొత్తల పండగనాడు ఊరి దేవత జాకరమ్మ తల్లి రాయి ముందు కోడిని కోసి, మొదటి చుక్కలు అడ్డాకు మీద పట్టుకుంటారు. సోములమ్మ వంగి చూస్తుంది. ఊరంతా ఊపిరి బిగబట్టుకుంటుంది. నెత్తురు ఎర్రగా నిలిస్తే తల్లి పుచ్చుకున్నట్టు. నల్లబడితే తల్లి వద్దన్నట్టు. వద్దన్న కోడి కోయించిన వాళ్ళ ఇంటికే తిరిగి పోతుంది, తల్లికి మరొకటి కోయాలి. ఆమె చెప్పిన మాటకి ఎదురు చెప్పినవాణ్ణి నేను చూడలేదు.

ఆమె ఇంటిగడప తొక్కనిది ఒకటుంది, మలేరియా బిళ్ళ. ఆమె అన్న పెళ్ళికాని వయసులో జ్వరమొచ్చి ఆ బిళ్ళలు మింగాడట. రెండో రోజుకే నల్లటి ఉచ్చ పోశాడు, కళ్ళు పసుపు ముద్దలయ్యాయి, కొండ దిగేలోపు ప్రాణం పోయింది. బిళ్ళలంటే తల్లికి గిట్టదని ఇంటివాళ్ళు తీర్మానించుకున్నారు. అప్పటినుంచి నర్సమ్మలు వస్తే సోములమ్మ నవ్వుతూనే సాగనంపుతుంది.

ఆమెకి ఒక్కడే కొడుకు, ఫల్గుణ. వాణ్ణి చూసిన ముసలివాళ్ళంతా ఒకటే మాట, "అచ్చం మేనమామ పోలిక". అదే నడక, అదే పక్కపన్ను. ఆ మాట వింటే సోములమ్మ మురిసిపోయేది. నాకు మాత్రం చచ్చిపోయినవాడి పోలిక అంతలా చెప్పుకోవడం మనసుకి బాగుండేది కాదు.

నిరుడు లోయ అంచున ఒక వెల్‌నెస్ సెంటర్ వెలిసింది. పట్నం జనం గుహలు చూసి, వెదురు చికెన్ తిని, కాఫీ తాగి, ఇంకా ఏదో తక్కువైనట్టు నెత్తురు కడిగించుకోవడానికి దిగేవారు. చేతిలోంచి సీసాలోకి నెత్తురు తీస్తారు, మెషిన్‌లోంచి ఓజోన్ అనే గాలి దానిలో కలుపుతారు, మళ్ళీ అదే నెత్తురు ఒంట్లోకి ఎక్కిస్తారు. కొత్త బలం వస్తుందట. ఉన్న నెత్తుర్ని ఊరికే ఉండనివ్వరేం అని నేను జీపులోనే తిట్టుకునేవాణ్ణి. దాన్ని నడిపేవాడు దేవీప్రసాద్. తెల్లకోటు వేసుకుంటాడు గాని ఏం చదివాడో ఎవరికీ తెలీదు.

సోములమ్మ అక్కడ గదులు తుడిచే పనికి కుదిరింది. మొదటి వారమే జీపెక్కి నా భుజం మీద చరిచింది.

"తమ్ముడా, ఆ సీసాలో నెత్తురు నల్లగా దిగినాది. గాలి తగిలినాదో నేదో, ఎర్రగా మెరిసిపోనాది! నా కళ్ళతో సూసినాను. మా అయ్య సేసిన పనే గదా అది. తల్లి పుచ్చుకున్నాది."

"అప్పా, అది మెషిను. తల్లి కాదు."

"నీకేటి తెలుసు? నెత్తురు సూడ్డం నీకొచ్చా?"

నాకు రాదు.

అప్పటికి ఫల్గుణ కానిస్టేబుల్ సెలక్షన్‌కి పరుగు సాధన చేస్తున్నాడు. చివరి మలుపులో ఆయాసం వచ్చి వెనకబడుతున్నాడు. సోములమ్మ దేవీప్రసాద్ కాళ్ళావేళ్ళా పడింది. అతను ఫోటో తీసుకోనిస్తే ఊరికే చేస్తానన్నాడు. చేసే ముందు ఒక ప్రశ్న అడిగాడు, మందులేవైనా ఒంటికి పడవా అని. ఆమె చెప్పిన జవాబు నాకు జీపులో గొప్పగా అప్పజెప్పింది.

"మాయింట మందులే మింగం బాబూ, మా నెత్తురు శుద్ధమైంది అన్నాను. మరి నవ్వీసినాడు."

అబద్ధం కాదు. దేవీప్రసాద్ అడిగింది మందుల లెక్క, అన్న చావు ఆమె మనసులో ఉన్నది జాకరమ్మ తల్లి కోపం లెక్కలో. ఆ రెండూ ఒకటేనని ఆమెకి తట్టలేదు. రక్తపరీక్ష ఊసు అతనికి తట్టలేదు, దాన్ని మాత్రం నేను ఈ జన్మకి క్షమించను.

మొదటిసారి ఏమీ కాలేదు. వాడు నా ముందే ఎగిరి గంతేసి, "మావా, ఒళ్ళు తేలికైపోనాది" అన్నాడు. రెండోసారి ఎక్కువ గాలి పెట్టారట. మర్నాడు వాడు పరుగుకి వెళ్ళలేదు. ఉచ్చ ముదురు రంగులో వస్తోందని ఫోన్ చేస్తే, ఒంట్లో విషం బయటికి పోతోంది, మంచిదే అన్నాడు దేవీప్రసాద్. వాడు ఆ మాట నమ్మి అమ్మకి చెప్పలేదు.

ఆ మరుసటి పొద్దున సోములమ్మ కట్టెలకని ఇంటి వెనక్కి వెళ్ళింది. రాళ్ళ మీద కాఫీ డికాషన్ ఒలికినట్టు మరక. అలాంటి మరక తన చిన్నతనంలో, ఈ పుట్టింటి గోడ వెనకే, ఒకసారి చూసింది. ఆమె పెట్టిన కేకకి కింద రోడ్డు మీద జీపు కడుక్కుంటున్న నేను పరిగెత్తాను.

వాణ్ణి వెనక సీట్లో పడుకోబెట్టాం. కళ్ళు పసుపు ముద్దలు. పాడేరు దాకా సోములమ్మ వాడి తల ఒళ్ళో పెట్టుకుని వెనకే కూర్చుంది. ముందు సీటు ఖాళీగానే ఉంది. నాకు భయమేసింది, నిజం చెబుతున్నాను.

ఆసుపత్రిలో డాక్టర్ సౌందర్య గబగబా చూసి, నేను చెప్పిన ఓజోన్ సంగతి విని, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా అయిందా అని అడిగింది.

"మా అన్నకి. మలేరియా బిళ్ళలు మింగితే."

డాక్టరమ్మ ఆ మాట కాగితం మీద రాసుకుంది. "కొందరి నెత్తురు ఆ బిళ్ళలకీ తట్టుకోలేదమ్మా, ఆ ఓజోన్‌కీ తట్టుకోలేదు. లోపలే పగిలిపోతుంది. తల్లి వైపు నుంచి కొడుకులకి వస్తుంది. చిన్న పరీక్ష చేస్తే తెలిసిపోయేది. ఇప్పుడు వెంటనే వేరే నెత్తురు ఎక్కించాలి. మీరు ఊఁ అనాలి."

నర్సు నెత్తురు సంచి తెచ్చి స్టాండుకి తగిలించింది. చల్లటి పెట్టెలో దాచిన నెత్తురు, ముదురుగా, దాదాపు నల్లగా ఉంది. సోములమ్మ లేచి సంచికీ కొడుక్కీ మధ్య నిలబడింది. "ఆగండి" అంది. నల్లటిదాన్ని ఈమె ఒప్పుకోదు, గుంటడు చేజారినట్టే అనుకున్నాను.

ఆమె వంగి సంచిని చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"తమ్ముడా, ఆ సీసాలో ఎర్రబడినాదని సంబరపడ్డాను. ఎర్రబడితే ఏటన్నట్టు? తల్లి పుచ్చుకున్నట్టే గదా. నా గుంటణ్ణి నా సేతుల్తోటే ఇచ్చీసినాను."

ఫల్గుణ ఎగశ్వాస ఒకటే వినిపిస్తోంది.

"ఇది నల్లగున్నాది" అంది నర్సుతో. "తల్లికొద్దు. తల్లి వొద్దన్నది ఇంటికే గదా వొత్తాది. ఎక్కించమ్మా. బేగి ఎక్కించు."

గట్టెక్కుతాడా అని అడిగితే, ఇప్పుడే చెప్పలేనంది డాక్టరమ్మ. మొదటి చుక్క గొట్టంలోకి దిగింది. సోములమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుని, అడ్డాకు మీదికి వంగినట్టే ముందుకి వంగి, రెప్ప వేయకుండా దాన్నే చూస్తోంది. ఆమె పెదాలు కదులుతున్నాయి. దగ్గరికి వెళ్తే వినపడింది. అది ఎర్రబడకూడదని మొక్కుకుంటోంది.