ఇనప్పెట్టెలో సర్టిఫికెట్టు

దేవమణి క్యాషియరుగా పనిచేసినది నలభై ఏడు రోజులు మాత్రమే. 1974 మే ఇరవయ్యో తేదీ సోమవారం నాడు, అరకు రైల్వే స్టేషను దగ్గరి గణపతిరావు కొట్లో చేరింది. డుంబ్రిగుడ మిషను బడి ఉపాధ్యాయుడు సమూయేలు పెద్ద కూతురు ఆమె, వయసు పంతొమ్మిది. పదో తరగతిలో సైన్సుకు మంచి మార్కులు వచ్చాయి. ఏడాదిపాటు పని మానకుండా ఉండేందుకు హామీగా ఆ సర్టిఫికెట్టును గణపతిరావు తన ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. అంతకుముందు ముగ్గురు క్యాషియర్లు చెప్పకుండా వెళ్లిపోయారు.

శుక్రవారం సంతనాడు ఆ పని ఎంత కష్టమో దేవమణికి మొదటి వారమే తెలిసింది. కొండల మీది పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లలో కొందరు చీర చెంగున నాలుగైదు ముడులు వేసుకుని వచ్చేవారు. ఒక్కొక్క ముడిలో ఇంట్లో ఒక్కొక్కరి డబ్బు. ఉప్పు ఒకరిది, కిరసనాయిలు మరొకరిది. ఒక ముడి విప్పి ఒక వస్తువుకు చెల్లించి, మిగిలిన చిల్లరను మళ్లీ ఆ ముడిలోనే కట్టుకోవాలి. ఆ తరువాతే రెండో ముడి. దేవమణి రెండో శుక్రవారానికి ఈ పద్ధతి నేర్చుకుంది. వరస నెమ్మదిగా కదిలినా తగాదా రాలేదు.

జూలై నాలుగున తండ్రి ఒక కవరు తెచ్చి ఇచ్చాడు. జ్వరం వచ్చినవారి రక్తాన్ని మైక్రోస్కోపులో పరీక్షించే ఉద్యోగానికి సోమవారం పది గంటలకు విశాఖపట్నంలో ఇంటర్వ్యూ. అసలు సర్టిఫికెట్టు చూపాలి. దేవమణి గణపతిరావును అది అడిగింది.

“ఏటే గుంటా, కుర్సీ ఇంకా ఏడెక్కనేదు, అప్పుడే లేచిపోతానంటావు?” అన్నాడు గణపతిరావు. “రేపు సంత ఎవులు సూత్తారు?”

“అసలుది లేకపోతే లోపలికే రానివ్వరట బాబూ.”

ఆయన భార్య రాజులమ్మ లోపలి గుమ్మంలోంచి అందుకుంది. “గుంట బతుకు పెట్లో ఎట్టి తాళమేసుకుంటావేటి? నువ్వే కూకో ఆ కుర్సీలో.”

“కూకుంటాను! విమానం నడపడమేటి ఇది?”

అన్నట్టే శుక్రవారం ఉదయం ఆయనే గల్లాపెట్టె ముందు కూర్చున్నాడు. దేవమణి పక్కన నిలబడింది. పదిన్నరకు కొండ మీది పల్లె నుంచి గంగ అనే ఆమె వచ్చింది. చెంగున నాలుగు ముడులు. గణపతిరావు చొరవగా నాలుగూ విప్పించి, డబ్బు ఒకచోట పోసి, మొత్తం మీద చిల్లర లెక్కగట్టి ఇచ్చాడు. పైసా తేడా లేదు. గంగ చిల్లర ముట్టుకోలేదు.

“ఇందల ఉప్పుది ఏది బాబూ, నూనిది ఏది?”

“అంతా నీదే కదేటే!”

“ఉప్పొకటే నాది. నూని మా అత్తది. సబ్బు మరిదిది. సుట్టలు మా మావవి. కలిపీసి అట్టుకెల్తే ఇంటికాడ నన్ను నమ్ముతారా?”

“బాబుకి లెక్కలు రావనుకుంతాను, ఆ గుంటని పిలండి!” వరసలో ఎవరో అన్నారు. వెనక అంతా నవ్వు.

దేవమణి వెంటనే కదలలేదు. ఇప్పుడు సాయం చేస్తే, తాను లేనిదే కొట్టు నడవదని తానే నిరూపించినట్టవుతుంది. చేయకపోతే, తొమ్మిది కిలోమీటర్లు నడవవలసిన గంగ ముసురులో నిలబడిపోతుంది. ఆమె ముందుకు వంగి, ఒక్కొక్క వస్తువు ధర చెబుతూ చిల్లరను నాలుగు కుప్పలు చేసింది. గంగ నాలుగు ముడులూ వేసుకుంది.

దేవమణి భయపడినట్టే అయింది. “సూసావా?” అన్నాడు గణపతిరావు. “నిన్ను ఎలాగ ఒగ్గీది?”

“ఏ పనికెల్తాదట?” అంది గంగ.

“జొరమొచ్చినోల రగతం అద్దంలో సూసే ఉజ్జోగానికి,” అంది రాజులమ్మ.

“అయితే ఎల్లనీ బాబూ. నా ఏలు పొడిసి, గాజు పలక మీద రగతం అట్టుకెల్లి నెల్లాలయింది. సూసీవోల్లు నేరంట, కబుర్లేదు. మొన్న మల్లీ వనికాను.”

“ఈయనదీ అంతే కదేటి,” అంది రాజులమ్మ. “మలేరియా అని కాయితం వొచ్చీసరికి లేచి పకోడీలు తింతన్నాడు.”

గణపతిరావు వరసను అలాగే వదిలి లోపలికి వెళ్లాడు. ఇనప్పెట్టె తలుపు కిర్రుమంది. సర్టిఫికెట్టు తెచ్చి దేవమణి చేతికిచ్చి, “సెద తిననేదు, సూసుకో,” అన్నాడు. “పొద్దుగూకీదాకా మాత్రం కూకో. ఈ ముడుల యవ్వారం మా ఆవిడికి నేర్పీసి ఎల్లు.”

“నాకా!”

“నాయం సెప్పినావు కదా, ఇప్పుడు నేర్సుకో.”

దేవమణి సాయంత్రం ఆరున్నర దాకా రాజులమ్మకు నేర్పింది. ఆదివారం తండ్రితో రైలెక్కింది. బొర్రా దగ్గరి సొరంగాలలో పెట్టె చీకటైన ప్రతిసారీ ఆమె చేయి ఒడిలోని కవరు మీదికి వెళ్లింది.

సోమవారం ఆమె పేరు నాలుగవది. అధికారి సర్టిఫికెట్టును వెలుతురుకు పెట్టి చూసి, పక్కన పెట్టి, మైక్రోస్కోపు కింద ఒక స్లైడు ఉంచి ఏమి కనిపిస్తున్నదని అడిగాడు. ఆమె మరను అటూ ఇటూ తిప్పి, చూపు కుదిరాక చెప్పింది.

“గులాబీరంగు గుండ్రటివి చాలా ఉన్నాయండి. ఒకదానిలో నీలి ఉంగరంలాంటిది ఉంది.”

“సరే, అదే మలేరియా క్రిమి. చాలు.”

“నేను ఒక మూలే చూశానండి. మిగతాది చూడకుండా చెప్పలేను.”

అధికారి గడియారం వైపు చూశాడు. తరువాత వాకిట్లోని బంట్రోతుతో ఐదో మనిషిని కాసేపు ఆగమని చెప్పి, ఆమె కూర్చుని చూసేందుకు కుర్చీని మైక్రోస్కోపు దగ్గరికి జరిపాడు.