ఒకటితో మొదలుకాని బరువులు

లెక్కలు బాగా వచ్చినవాడు పరువు ఎలా పోగొట్టుకుంటాడో మొన్న ఆదివారం చిక్కడపల్లిలో తెలిసింది. అలా పోగొట్టుకున్నది నేనే.

అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్ పరీక్షలకి చదువుతున్నాను. ఆ వారమే ఒక సూత్రం నేర్చుకున్నాను. ఊళ్ల జనాభాలు వరసగా రాసి మొదటి అంకెలు చూస్తే, నూటికి ముప్పై దాకా ఒకటే ఉంటుంది. తొమ్మిది చాలా అరుదు. ఎందుకంటే, వెయ్యి మంది ఉన్న ఊరు రెండు వేలకు చేరాలంటే రెట్టింపు కావాలి. అందాకా మొదటి అంకె ఒకటే. తొమ్మిది వేల ఊరికి ఇంకో వెయ్యి మంది చేరితే తొమ్మిది పోయి మళ్లీ ఒకటి వచ్చేస్తుంది. మా జిల్లా ఊళ్లతో సరిచూశాను. నిజమే. ఇక ఆగలేదు.

చిక్కడపల్లి బస్తీలో పాలమూరు కూలీల కోసం ఆదివారాలు హెల్త్ క్యాంపు పెడతారు. అక్కడి రిజిస్టర్‌ను కంప్యూటర్లో ఎక్కించేది నేను. ఆడవాళ్ల బరువులు చూసి రాసేది యాదమ్మక్క. ఆమె పేజీల్లో మొదటి అంకెలన్నీ నాలుగులు, ఐదులు, ఆరులు. ఒకటితో మొదలైన బరువు ఒక్కటీ లేదు. "ఇవి ఇంట్లో కూర్చుని రాసినవి మేడమ్, గణితం ఒప్పుకోదు" అని క్యాంపు నడిపే డాక్టరమ్మకు మెసేజ్ పెట్టాను. ఆవిడ పేజీలు చూడకుండానే, నిజం తేలేదాకా రిజిస్టర్ ముట్టుకోవద్దని అక్కతో చెప్పేశారు.

ఆదివారం అక్క నా ముందుకొచ్చి నిలబడింది. "పని ఇడిసిపెట్టి రమ్మని ఒక్కొక్కల్ని బతిలాడి తెచ్చిన. నాయి దొంగ రాతలా తమ్మీ?"

"అట్ల కాదక్కా. ఒకటితోని మొదలయ్యే బరువులు ముప్పై శాతం ఉండాలె."

"ఒకటితోని అంటే?"

"పది, పదిహేను, పద్దెనిమిది..."

"పదిహేను కిలోల ఆడిది ఇటుకలు మోస్తదా?"

లైన్లో ఉన్నవాళ్లు నవ్వారు. అక్క నవ్వలేదు. పదుల నుంచి లక్షల దాకా పరుచుకున్న సంఖ్యలకే ఆ సూత్రం. పెద్దవాళ్ల బరువులన్నీ ఒక్కచోటే గుమిగూడి ఉంటాయి. సూత్రం నేర్చుకున్నాను కానీ, అది ఎక్కడ పనిచేయదో చదవలేదు.

అందరి ముందే డాక్టరమ్మకు తప్పు ఒప్పుకున్నాను. ఆవిడ రిజిస్టర్ తీసి అక్క చేతిలో పెట్టారు. అక్క బరువు మిషన్ వైపు చూపించింది. "ఎక్కు."

ఎక్కాను. వంగి చూసి, నింపాదిగా రాసుకుంది.

"యాభై ఎనిమిది. ఐదుతోనే షురూ అయింది. డాక్టరమ్మా, ఈ తమ్ముడు గూడ ఉత్త రాతనే అట. మనిషి నిజంగ ఉన్నడో లేడో జర చూడుండ్రి."