తొంభై కిలోల అబద్ధం

ఆ రోజుల్లో నాకు ఎత్తుకన్నా అద్దమంటేనే ఎక్కువ భయం. ఇరవై మూడేళ్లకు యాభై ఆరు కిలోలు. బోధన్‌లో చొక్కా కొనబోతే దుకాణమాయన నన్ను పిల్లల బట్టల వైపు పంపేవాడు. మహారాష్ట్రలో పారాగ్లైడింగ్ నేర్చుకుని వచ్చాక పారాచూట్‌లా విచ్చుకునే ఆ గుడ్డ రెక్క నాకూ సొంతంగా ఉండాలనిపించింది. వాడిన రెక్క అమ్ముతానన్న పుణె ఆయన ఫోన్లో ఒకటే అడిగాడు: మనిషి, సామాను అంతా కలిపి బరువెంత? డెబ్బై రెండు అనాల్సింది పోయి తొంభై అన్నాను. (కనీసం ఫోన్లోనైనా కాస్త నిండుగా ఉందామని.)

రెక్క వచ్చింది. ఒక్కరే ఎగిరేది, కొత్తవాళ్లకూ ఆరితేరినవాళ్లకూ మధ్యరకం. దాని మీద ఎనభై అయిదు నుంచి నూట అయిదు కిలోలని అచ్చు వేసి ఉంది. నాతోపాటే నేర్చుకున్న మా అక్క అది చదివి, "తమ్మీ, గిది నీ సైజు కాదు" అంది.

"పెద్దదైతే మంచిగ తేలుతది."

"తేలుతది. దిగుడెట్ల మరి?"

వినలేదు. రుద్రూర్ దగ్గర ఒక చిన్న గుట్ట మీది నుంచి లేచాను. కాసేపటికే ఎదురుగాలి పెరిగింది. బరువు చాలని రెక్కకు వేగం ఉండదు. ముఖం గాలికి పెట్టి ఉన్నవాణ్ణి ఉన్నట్టే వెనక్కి, గుట్ట దాటి, చెరకు తోటల మీదికి పోతున్నాను. కింద చెరకు నరుకుతున్న ఒక అవ్వ తల పైకెత్తింది.

"ఓ పిలగా, ముఖమటు వెట్టి ఇటొస్తున్నవేంది?"

"గాలి, అవ్వా."

"గట్లయితే గాలికే చెప్పు, మా చెరుకు తొక్కొద్దని."

తొక్కాను. చెరకే నన్ను కాపాడింది. ఒళ్లంతా ఆకుల గీతలు తప్ప ఎముక చెదరలేదు. స్కూటీ మీద వచ్చిన అక్క ముందు నా కాళ్లూ చేతులూ తడిమి చూసి, అప్పుడు అడిగింది: "పుణె ఆయనకు ఎంత బరువని చెప్పినవ్?" చెప్పాను. గట్టు మీద కూలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

సామానుతో కలిపి అక్క బరువు సరిగ్గా తొంభై రెండు. తాళ్లన్నీ పరీక్ష చేయించి, గాలి నెమ్మదించిన ఒక పొద్దున అదే గుట్ట మీది నుంచి అక్క ఎగిరింది. రెక్క చెప్పినట్టు విన్నది. రెండు చక్కర్లు కొట్టి, కోత అయిన మడిలో నిలబడి దిగింది.

"ముందటికే వచ్చిన, సూసినవా?" అంది రొప్పుతూ.

చప్పట్లు కొట్టి, రెక్క మడిచి సంచిలో పెట్టి, "ఇగ ఇది నీదే" అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇవాళైతే అంత తేలిగ్గా ఇచ్చేవాణ్ణి కాదేమో. అప్పటి ఆ బక్కోడు ఇప్పటి నాకన్నా మంచివాడు.