ఇరాన్ షావుకారుకు నేను పుస్తకం అమ్మిన వైనం

బందరు రేవులో, ఓడ మీద, ఇరాన్ షావుకారుతో బేరమాడానని మా కామర్సు విద్యార్థులకు ముప్పై ఏళ్లు చెప్పాను. ఓడా లేదు, రేవూ లేదు. గుడివాడ నుంచి బందరు వచ్చే పాసింజరు రైల్లో మూడో తరగతి పెట్టె అది. యాభైల్లో ఓ వానాకాలం, పట్టాల మీదికి నీరొచ్చి బండి చేల మధ్య ఆగిపోయింది. కిటికీ మూలన ఇరుక్కున్నాను. లేద్దామంటే ఎదుటి పెద్దాయన అద్దకం బట్టల మూట నా కాళ్లకు అడ్డం. మధ్యాహ్నం కాలేజీలో విదేశీ వ్యాపారం మీద నా మొదటి పాఠం. పుస్తకంలో ఉన్నది తప్ప నాకేమీ తెలియదు. ఆ భయమే ఆయనతో చెప్పుకున్నాను.

"కుర్రతనంలో నేను ఈ బట్టలు ఇరాన్ వాళ్లకే అమ్మేవాణ్ణండీ. ఏదీ, నేనే ఇరాన్ షావుకారుననుకోండి. ఆ పుస్తకం నాకమ్మండి మాస్టారూ," అన్నారు.

"ఐదు రూపాయలండి."

ఆయన నవ్వుతూ నా ముఖంలోకి చూశారు. బండీ కదలదు, ఆయనా కదలరు. నాలుగన్నాను. మూడన్నాను. చివరికి, "ఊరికే తీసుకోండి బాబూ!" అనేశాను.

"ధర సంగతి కాదండీ. వాళ్లు ముందు టీ పోయించి, ఇంటిల్లిపాది క్షేమం అడిగాకే మూట విప్పమనేవాళ్లు. మీరు నాది ఏ ఊరని కూడా అడగలేదు."

ఆ మధ్యాహ్నం క్లాసులో పుస్తకం మూసేసి, ఒక్కొక్కరినీ పేరూ ఊరూ అడిగాను. ఇవాళ్టి పాఠం ఇదే అన్నాను. తర్వాత ఏటా అదే నా మొదటి పాఠం.

ఆయనది అద్దకాలకు పేరున్న పెడన అని పిల్లలకు చెబుతూ వచ్చాను. అదీ నా కల్పనే. అంత మాట అనిపించుకున్నాక కూడా, సిగ్గుకొద్దీ, బందరులో దిగేదాకా ఆయన ఊరు నేను అడగలేదు.