క్రియ తప్పితే కర్తకు దెబ్బ

వడమాలపేటలో మాకు ఇంగ్లీషు చెప్పిన సారు పోయారు. తిరుపతిలో, సొంత ఇంట్లోనే, నిద్రలో పోయారట. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చేసరికి నేను మా బడి స్టాఫ్ రూములో తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పేపర్లు దిద్దుతున్నాను. కబురు చదివి, ఫోన్ పక్కన పెట్టి, దిద్దుకుంటూనే ఉన్నాను. ఏడుపు రాలేదు. గ్రూపులో మాత్రం ఒకరిని మించి ఒకరు ఆయన్ను దేవుణ్ణి చేసేస్తున్నారు. నేనూ ఇంగ్లీషు టీచర్నే కాబట్టి సారు గురించి నాలుగు మంచి మాటలు నన్నే రాయమన్నారు. రాస్తున్నాను. అందులో మంచివి ఎన్నో మీరే చూసుకోండి.

ఆయన చదువు బాగా చెప్పేవారు. ముందు అది చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. తిరుపతి నుంచి మొదటి బస్సులో దిగి, బెల్లు కొట్టకముందే బోర్డంతా నింపేసేవారు. పరీక్ష పెట్టిన మర్నాడే పేపర్లు దిద్ది తెచ్చేవారు. కర్త ఒంటరిగా ఉన్న మూడో మనిషైతే క్రియకు ఒక ఎస్ తోడివ్వాలి అనేవారు. ఆ మాటే నేనూ మా పిల్లలకు చెబుతాను. ఆ ఎస్ మరిచామా, వాక్యం మొత్తానికి సున్నా. మిగతాది ఎంత చక్కగా రాసినా లెక్కలోకి రాదు. నేను అలాంటి వాక్యానికి అర మార్కైనా వేస్తాను. ఆయన మీద కసితోనే వేస్తాను.

క్లాసులో ఆయన పద్ధతి ఇంకోటి ఉండేది. మమ్మల్ని జతలు చేసేవారు. జతలో ఒకరు కర్త, ఒకరు క్రియ. కర్త ‘మై బ్రదర్’ అంటే క్రియ లేచి ‘గోస్ టు స్కూల్’ అని అందుకోవాలి. ‘గో’ అంటే తప్పు. తప్పు చెప్పింది క్రియే అయినా స్కేలు దెబ్బ మాత్రం కర్త అరచేతి మీద పడేది.

“సొంత దెబ్బ రేపటికి మర్చిపోతారమ్మా. పక్కనోళ్లకు పడింది మాత్రం మర్చిపోరు,” అనేవారు, ఎవరికీ తెలియని సంగతి కనిపెట్టినట్టు.

గ్రూపులో ఇప్పుడు అది తలుచుకుని నవ్వుకుంటున్నారు. నాకు ఒళ్లు మండిపోతోంది.

నేను కర్తను. నా క్రియ నా బెంచీలోనే కూర్చునే నా నేస్తం. లెక్కల్లో క్లాసుకంతా మొదటిది. ఇంగ్లీషు పీరియడ్ వచ్చేసరికి, ఎక్కడ నాకు దెబ్బ పడుతుందోనన్న భయంతో తెలిసినది కూడా తప్పు చెప్పేది. నేను చెయ్యి చాపితే తను కళ్లు మూసుకునేది. ఏడుపూ తనే ఏడ్చేది. మమ్మల్ని తిరగేయండి సార్, నన్ను క్రియ చేయండి అని అడిగాను. అడిగినందుకు ఇంకొకటి తగిలించారు.

తొమ్మిదో తరగతి సగంలో తను బడికి రావడం మానేసింది. వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. బడికి రమ్మంటే తలెత్తలేదు.

“నా తప్పులకు నీ చేతులు వాసిపోతాండాయి మే. నేను రాను. నువ్వు సదువుకో.”

వాళ్ల నాయనకు తను అసలు కారణం చెప్పలేదు. కూతురికి చదువు మీద మనసు లేదనుకుని ఆయన తనతో పాటు కూలికి తీసుకుపోయాడు. సారుకు నేనే చెప్పాను, మీరొకసారి వచ్చి పిలవండి, మీ మాటకు వస్తుంది అని. ఆయన రోజూ బస్సుకు నడిచేది వాళ్లింటి ముందు నుంచే. ఒక్కరోజూ ఆగలేదు. నాకు మాత్రం కొత్త క్రియను ఇచ్చారు. ఆ అమ్మాయి తప్పులు చెప్పేది కాదు. నా చేతులు బాగుపడ్డాయి.

చాలా ఏళ్ల తర్వాత, చిత్తూరులో పదో తరగతి పేపర్లు దిద్దే చోట ఆయన కనిపించారు. పక్కవాళ్లను పిలిచి, ఇది నేను తయారుచేసిన పిల్ల అని చూపించుకున్నారు. నేను తినే అన్నం ఆయన చెప్పిన ఇంగ్లీషు పెట్టిందే, కాదనను. దండం పెట్టాను. పెట్టి, నా జత పిల్ల గుర్తుందా సార్ అని అడిగాను. కాసేపు ఆలోచించారు.

“ఎవరమ్మా ఆ పాప? గుర్తు రాలా నాకు.”

ఆయన్ను నేను క్షమించనిది అందుకే. ఈ చావుతోనైనా మనసు మెత్తబడుతుందేమో అనుకున్నాను, మెత్తబడలేదు.

నా నేస్తం ఇప్పుడు తిరుపతిలో ఒక లాడ్జిలో గదులు శుభ్రం చేస్తుంది. ఫోన్ చేసి సంగతి చెప్పాను, నాతో కలిసి తనూ నాలుగు తిడుతుందని.

“అయ్యో, పోయినారా. ఆ సారు నన్ను ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు మే, ఎప్పుడూ.”

ఫోన్ పెట్టేసి బస్సెక్కాను. నేను సారు ఇంటికి వెళ్లేసరికి తను అప్పటికే అక్కడుంది. పని మధ్యలో వచ్చినట్టుంది, లాడ్జివాళ్లిచ్చిన చీరలోనే ఉంది. మూర మల్లెపూలు ఆయన కాళ్ల దగ్గర పెట్టి, గోడ పక్కకు జరిగింది. పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. ఎవరూ తనను గుర్తుపట్టలేదు. గ్రూపులో పెట్టడానికి ఐస్ బాక్సు చుట్టూ నిలబడి ఫోటో తీసుకుందామన్నారు. ఒకాయన తన వైపు తిరిగి, మీరు ఏ బ్యాచ్ అని అడిగాడు.

“నేను సారు కాడ సదువుకోలేదప్పా. ఊరికే సూసిపోదామని వచ్చినా.”

అలా అని, ఫోటో తీయడానికి ఆయన చేతిలోని ఫోన్ అందుకుంది. నేను ఏదో అనబోతే వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఆ ఫోటో గ్రూపులో ఉంది. అందరూ చేతులు కట్టుకుని, సారు ముఖం వైపు తల వంచుకుని ఉన్నారు. నేనొక్కదాన్నే తలెత్తి, ఫోన్ పట్టుకున్న మనిషిని చూస్తున్నాను.